కపోసీ సార్కోమా: హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు వచ్చే ఈ క్యాన్సర్‌కు అసలు కారణం ఇంకో వైరస్.. లక్షణాలు ఏంటి? ట్రీట్‌మెంట్ ఏంటి?

చర్మం మీద ఊదా రంగులో చిన్న మచ్చ వస్తుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. దాంతో చాలామంది పట్టించుకోరు. కానీ హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో, ముఖ్యంగా మందులు వాడనివాళ్లలో, అలాంటి మచ్చ ఒక్కోసారి క్యాన్సర్ కావచ్చు. దాని పేరు కపోసీ సార్కోమా.

హెచ్‌ఐవీ వల్లే ఈ క్యాన్సర్ వస్తుందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. క్యాన్సర్‌ను పుట్టించేది వేరే వైరస్. హెచ్‌ఐవీ దానికి దారి ఇస్తుంది. ఈ తేడా తెలిస్తే ట్రీట్‌మెంట్ హెచ్‌ఐవీ మాత్రలతోనే ఎందుకు మొదలవుతుందో అర్థమవుతుంది. ఆ మాత్రలు మధ్యలో ఆపేస్తే ఎంత ప్రమాదమో కూడా తెలుస్తుంది.

ముఖ్యాంశాలు

• కపోసీ సార్కోమాకు కారణం హ్యూమన్ హెర్పిస్ వైరస్-8. దీన్నే కేఎస్‌హెచ్‌వీ అని కూడా అంటారు.
• ఈ వైరస్ ఉన్న చాలామందికి జీవితాంతం క్యాన్సర్ రాదు. రోగనిరోధక శక్తి బాగా పడిపోయినప్పుడే ముప్పు పెరుగుతుంది.
• హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మొదటి ట్రీట్‌మెంట్ ఏఆర్‌టీ మాత్రలే. వ్యాధి ముదిరితే వాటితో పాటు కీమోథెరపీ కూడా ఇస్తారు.
• ఏం మచ్చో తెలియకుండా సొంతంగా స్టెరాయిడ్ మందులు వాడొద్దు.
• మన దేశంలో ఇది చాలా అరుదు. అందుకే ఆలస్యంగా గుర్తించే ప్రమాదం ఉంది.

అసలు ఏంటీ కపోసీ సార్కోమా?

రక్తనాళాలు, లింఫ్ నాళాల లోపలి గోడల్లో పలుచటి కణాల పొర ఉంటుంది. ఆ కణాలు అదుపు తప్పి పెరగడమే కపోసీ సార్కోమా. మైక్రోస్కోప్‌లో చూస్తే ఈ కణాలు నూలు కదురులాగా, మధ్యలో లావుగా, చివర్లు సన్నగా కనిపిస్తాయి. వాటి చుట్టూ కొత్త రక్తనాళాలు అడ్డదిడ్డంగా పుట్టుకొస్తాయి. వాటి నుంచి రక్తకణాలు బయటకు కారుతుంటాయి. మచ్చకు ఆ ఎరుపు, ఊదా రంగు వచ్చేది అందుకే.

మిగతా చాలా క్యాన్సర్లు ఒకచోట గడ్డగా మొదలై తర్వాత పాకుతాయి. ఇది అలా కాదు. ఒకేసారి ఒంట్లో చాలా చోట్ల మొదలు కావచ్చు. కాళ్ల మీద ఒక మచ్చ, ముక్కు మీద ఒకటి, నోట్లో అంగిలి మీద ఇంకొకటి కనిపించొచ్చు. అందుకే ఒక మచ్చను కోసి తీసేస్తే పని అయిపోదు.

ఆ పేరు ఎలా వచ్చింది?

మోరిట్జ్ కపోసీ వియన్నాలో పనిచేసిన చర్మవ్యాధుల డాక్టర్. పుట్టింది హంగరీలోని కపోశ్వార్ ఊళ్లో. ఆ ఊరి పేరునే ఇంటిపేరుగా మార్చుకున్నారు. ఐదుగురు రోగుల్లో చూసిన ఈ వ్యాధి గురించి 1872లో ఆయన రాశారు. తర్వాత దానికి ఆయన పేరే స్థిరపడింది.

ఆ తర్వాత వందేళ్ల పాటు యూరప్, అమెరికాల్లో ఇదొక అరుదైన జబ్బుగానే ఉంది. ఎక్కువగా మధ్యధరా సముద్ర తీర దేశాల మూలాలున్న వృద్ధుల్లో, తూర్పు యూరప్ యూదుల్లో కాళ్ల మీద మచ్చలుగా వచ్చేది. చాలా నెమ్మదిగా పెరిగేది. రోగులు ఈ జబ్బుతోనే ఏళ్ల తరబడి బతికేవాళ్లు. తూర్పు, మధ్య ఆఫ్రికాలో మాత్రం పరిస్థితి వేరు. అక్కడ హెచ్‌ఐవీ రాకముందు నుంచే ఇది మామూలుగా కనిపించే క్యాన్సర్లలో ఒకటి. చిన్నపిల్లలకూ వచ్చేది.

1981లో ఏం జరిగింది?

1981 జులై 3. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ తన వారపు బులెటిన్‌లో ఒక రిపోర్ట్ ఇచ్చింది. న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో 26 మంది స్వలింగ సంపర్క పురుషుల్లో కపోసీ సార్కోమా కనిపించిందని అందులో ఉంది. వాళ్ల సగటు వయసు 39 ఏళ్లు. ముసలివాళ్లకు రావాల్సిన జబ్బు వయసులో ఉన్నవాళ్లకు వచ్చింది. అదీ మెల్లగా కాదు, వేగంగా ముదిరింది. 26 మందిలో 8 మంది రెండేళ్ల లోపే చనిపోయారు.

దానికి నెల ముందే, జూన్ 5న, లాస్ ఏంజెలిస్‌లో ఐదుగురికి అరుదైన న్యుమోనియా వచ్చిందని ఇదే బులెటిన్‌లో రిపోర్ట్ వచ్చింది. ప్రపంచం తర్వాత ఎయిడ్స్ అని పిలిచిన వ్యాధి మొదట బయటపడింది ఈ రెండు రిపోర్టులతోనే. అప్పటికి హెచ్‌ఐవీ అనే వైరస్ ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు. దాన్ని ప్యారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు 1983లో గుర్తించారు.

ముఖం మీద దాచుకోలేని ఆ ఊదా మచ్చలు ఎయిడ్స్‌కు గుర్తుగా మారిపోయాయి. మచ్చ కనిపిస్తే చాలు, ఉద్యోగం పోయేది, అద్దె ఇల్లు పోయేది, దగ్గరివాళ్లు దూరమయ్యేవాళ్లు. టామ్ హ్యాంక్స్‌కు ఆస్కార్ తెచ్చిన 1993 నాటి సినిమా 'ఫిలడెల్ఫియా' కథలో కీలకమైనవి ఈ మచ్చలే.

హెచ్‌ఐవీ కాదు.. ఇంకేదో ఉందన్న అనుమానం

హెచ్‌ఐవీ దొరికాక లెక్క తేలిపోయిందని చాలామంది అనుకున్నారు. కానీ ఒక విషయం మాత్రం అర్థం కాలేదు. అమెరికాలో ఎయిడ్స్ రోగులందరిలోనూ ఈ క్యాన్సర్ ఒకేలా రావడం లేదు.

1990లో 'ద లాన్సెట్' మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక స్టడీ ఈ చిక్కుముడిని అంకెలతో చూపించింది. ఎయిడ్స్ ఉన్న స్వలింగ, ద్విలింగ సంపర్క పురుషుల్లో సుమారు 21 శాతం మందికి కపోసీ సార్కోమా ఉంది. రక్తం గడ్డకట్టని హీమోఫీలియా జబ్బు కోసం ఎక్కించుకున్న మందుల ద్వారా హెచ్‌ఐవీ సోకినవాళ్లలో మాత్రం ఇది 1 శాతమే. ఇద్దరికీ ఉన్నది అదే హెచ్‌ఐవీ. మరి ఇంత తేడా ఎందుకు?

అంటే హెచ్‌ఐవీతో సంబంధం లేకుండా, ఎక్కువగా లైంగిక సంబంధాల ద్వారా పాకే ఇంకో క్రిమి ఏదో ఉండాలి. అది హెచ్‌ఐవీ సోకిన అందరికీ సోకలేదు. కాబట్టే అందరికీ ఈ క్యాన్సర్ రాలేదు. పరిశోధకులు ఆ క్రిమి కోసం వెతకడం మొదలుపెట్టారు.

1994: దొరికిన కొత్త వైరస్

ఆ క్రిమిని పట్టుకున్నది న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో పనిచేస్తున్న భార్యాభర్తలు యువాన్ చాంగ్, ప్యాట్రిక్ మూర్‌ల టీమ్. వాళ్లు చేసింది వినడానికి సింపుల్‌గానే ఉంటుంది. ఒకే ఎయిడ్స్ రోగి నుంచి రెండు ముక్కలు తీసుకున్నారు. ఒకటి కపోసీ మచ్చ నుంచి, ఇంకొకటి మామూలు కణజాలం నుంచి. రెండింటి డీఎన్‌ఏ పోల్చారు. రెండింట్లోనూ ఉన్నదంతా తీసేస్తే మచ్చలో మాత్రమే ఉన్న అదనపు డీఎన్‌ఏ మిగులుతుంది. అలా మిగిలిన తునకలు మనిషివి కావు, ఒక కొత్త హెర్పిస్ వైరస్‌వి.

ఎయిడ్స్ రోగుల కపోసీ కణజాలాల్లో 90 శాతానికి పైగా నమూనాల్లో ఈ డీఎన్‌ఏ కనిపించింది. అదే ఎయిడ్స్ రోగుల వేరే కణజాలాల్లో చూస్తే 15 శాతం నమూనాల్లోనే ఉంది. ఈ ఫలితాలు 1994 డిసెంబర్‌లో 'సైన్స్' జర్నల్‌లో వచ్చాయి. హెచ్‌ఐవీ లేకుండా వచ్చే కపోసీ సార్కోమాలోనూ ఇదే వైరస్ ఉందని ఆ తర్వాత తేలింది. 1872లో డాక్టర్ కపోసీ చూసిన రకానికీ, 1981లో న్యూయార్క్‌లో బయటపడిన దానికీ మూలం ఒకటే అన్నమాట.

మనుషులకు సోకే హెర్పిస్ కుటుంబంలో ఇది ఎనిమిదోది. అందుకే హెచ్‌హెచ్‌వీ-8 అని పేరు. ఆటలమ్మ తెచ్చే వైరస్, పెదవుల మీద పొక్కులు తెచ్చే వైరస్ కూడా ఈ కుటుంబంలోవే. ఇవన్నీ ఒకసారి ఒంట్లోకి వస్తే మళ్లీ బయటకు పోవు. ఎక్కడో ఒక మూల నక్కి ఉంటాయి. కేఎస్‌హెచ్‌వీ కూడా అంతే.

ఈ వైరస్ క్యాన్సర్ ఎలా తెస్తుంది?

కేఎస్‌హెచ్‌వీ ఒంట్లో రెండు రకాలుగా బతుకుతుంది. ఒకటి నిద్ర దశ. ఈ దశలో కణంలోనే ఉంటుంది కానీ కొత్త వైరస్‌లను తయారు చేయదు. 'లానా' అనే ప్రోటీన్ సాయంతో తన డీఎన్‌ఏను మన క్రోమోజోములకు కట్టేసుకుంటుంది. కణం రెండుగా చీలిన ప్రతిసారీ వైరస్ కూడా రెండింట్లోకీ చేరిపోతుంది. అదే లానా, కణాన్ని క్యాన్సర్ కాకుండా కాపాడే పీ53 ప్రోటీన్‌ను కూడా పని చేయనివ్వదు.

రెండోది మేలుకున్న దశ. ఇందులో కొత్త వైరస్‌లు పుట్టి, కణాన్ని చంపి బయటకు వస్తాయి. ఆ సమయంలో వాపును పెంచే, కొత్త రక్తనాళాలను పుట్టించే ప్రోటీన్లు విడుదలవుతాయి. చుట్టుపక్కల కణాలు కూడా వాటి ప్రభావంతో పెరుగుతాయి.

ఇంకో విశేషం ఏంటంటే, ఈ వైరస్ మనిషి జన్యువులను పోలిన జన్యువులు కొన్నింటిని తనలో పెట్టుకుంది. కణం పెరగమని చెప్పే సంకేతం, చనిపోవద్దని చెప్పే సంకేతం మన ఒంట్లో ఉన్నట్టే దాని దగ్గరా ఉన్నాయి. మన ఒంటి భాషలోనే మన కణాలకు తప్పుడు ఆదేశాలు ఇస్తుంది.

మరి హెచ్‌ఐవీ పాత్ర ఏంటి?

ఆరోగ్యంగా ఉన్న మనిషిలో రోగనిరోధక వ్యవస్థ కేఎస్‌హెచ్‌వీని ఎప్పటికప్పుడు అణిచి ఉంచుతుంది. అందుకే ఈ వైరస్ సోకినవాళ్లలో ఎక్కువ మందికి ఏ ఇబ్బందీ రాదు. తమకు అది ఉన్నట్టు కూడా తెలియదు.

హెచ్‌ఐవీ వచ్చి సీడీ4 కణాలను చంపేస్తూ పోతే ఆ కాపలా పోతుంది. కంచె కూలితే పశువు చేలో పడ్డట్టే. అప్పటిదాకా అణిగి ఉన్న వైరస్ రెచ్చిపోతుంది. దీనికి తోడు హెచ్‌ఐవీ తయారు చేసే 'టాట్' అనే ప్రోటీన్ కపోసీ కణాలు పెరగడానికి సాయపడుతుందని ల్యాబ్ పరిశోధనల్లో తేలింది.

1990 నాటి ఆ లాన్సెట్ స్టడీ ప్రకారం అమెరికాలో ఎయిడ్స్ ఉన్నవాళ్లలో ఈ క్యాన్సర్ మామూలు జనంతో పోలిస్తే కనీసం 20 వేల రెట్లు ఎక్కువ. వేరే కారణాలతో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లతో పోల్చినా 300 రెట్లు ఎక్కువ. హెచ్‌ఐవీకి మంచి మందులు లేని రోజుల లెక్క ఇది.

ఎలా సోకుతుంది?

కేఎస్‌హెచ్‌వీ ఎక్కువగా ఉమ్మిలో ఉంటుంది. వ్యాపించేది కూడా ప్రధానంగా దాని ద్వారానే. ఆఫ్రికా దేశాల్లో చాలామందికి చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచి సోకుతుంది. లైంగిక సంబంధాల ద్వారా, ముఖ్యంగా పురుషుల మధ్య సంబంధాల్లో పాకుతుంది. అవయవ మార్పిడిలో దాత నుంచి రావచ్చు. రక్తం ఎక్కించడం ద్వారా రావడం అరుదు.

క్యాన్సర్ మచ్చను ముట్టుకుంటే ఇంకొకరికి క్యాన్సర్ రాదు. రోగికి కట్టు కట్టినా, స్నానం చేయించినా, పక్కన కూర్చుని భోజనం చేసినా క్యాన్సర్ అంటుకోదు.

ఆఫ్రికాలో సహారా ఎడారికి దిగువన ఉన్న చాలా ప్రాంతాల్లో పెద్దవాళ్లలో సగం మంది దాకా ఈ వైరస్ ఉంటుంది. మధ్యధరా దేశాల్లో అంతకంటే తక్కువ. ఉత్తర యూరప్, అమెరికా, ఆసియాలోని చాలా దేశాల్లో సాధారణ జనంలో 10 శాతం కూడా ఉండదు.

ఎన్ని రకాలు?

డాక్టర్లు ప్రధానంగా నాలుగు రకాలుగా చెబుతారు. వైరస్ అన్నింట్లోనూ ఒకటే. రోగనిరోధక శక్తి ఎందుకు తగ్గిందన్నదే తేడా.

1. క్లాసిక్ రకం: వృద్ధుల్లో, ఎక్కువగా మగవాళ్లలో. కాళ్ల మీద వస్తుంది, మెల్లగా పెరుగుతుంది.
2. ఆఫ్రికా స్థానిక రకం: హెచ్‌ఐవీ లేనివాళ్లకు కూడా వస్తుంది. పిల్లల్లో లింఫ్ గ్రంథులకు వచ్చి వేగంగా ముదురుతుంది.
3. మందుల వల్ల వచ్చే రకం: కిడ్నీ వంటి అవయవ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లలో.
4. ఎయిడ్స్ సంబంధిత రకం: హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో. నాలుగింట్లో వేగంగా ముదిరే స్వభావం దీనికే ఎక్కువ. దీన్ని డబ్ల్యూహెచ్‌ఓ హెచ్‌ఐవీ వ్యాధిలో ఆఖరిదైన నాలుగో దశ కింద లెక్కిస్తుంది.

లక్షణాలు ఎలా ఉంటాయి?

చర్మం మీద: ఎరుపు, ఊదా, గోధుమ రంగు మచ్చలు. మనలాంటి చామనఛాయ, నల్లటి చర్మం మీద ముదురు గోధుమ లేదా నలుపు రంగులో కనిపించొచ్చు. అందుకే పాత దెబ్బ కమిలిన గుర్తనో, పుట్టుమచ్చ అనో పొరపడే అవకాశం ఉంది. మొదట చదునుగా ఉండి, తర్వాత ఉబ్బి గడ్డల్లా మారతాయి. కాళ్లు, పాదాలు, ముఖం, ముక్కు కొన, మర్మావయవాల మీద ఎక్కువగా వస్తాయి.

నోట్లో: అంగిలి మీద, చిగుళ్ల మీద ఊదా మచ్చలు లేదా వాపు. కొందరిలో చర్మం కంటే ముందు ఇక్కడే కనిపిస్తుంది. అద్దం ముందు నోరు తెరిచి చూసుకుంటే తెలిసిపోతుంది.

కాళ్లలో వాపు: లింఫ్ నాళాలు మూసుకుపోతే కాళ్లు, ముఖం నీరు పట్టినట్టు ఉబ్బిపోతాయి. చర్మం గట్టిపడుతుంది.

పొట్ట, పేగుల్లో: చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదు. కొందరిలో రక్తస్రావం, మలం నల్లగా రావడం, కడుపునొప్పి ఉంటాయి.

ఊపిరితిత్తుల్లో: ఆయాసం, దగ్గు, కళ్లెలో రక్తం. ఇది అన్నింటికంటే ప్రమాదకరం. మన దగ్గర హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఈ లక్షణాలు ఉంటే ముందు గుర్తొచ్చేది టీబీ. ఆ టెస్టులు తప్పనిసరి. టీబీ మందులు వాడినా తగ్గకపోతే వేరే కారణాలు కూడా చూడాలి.

ఎలా నిర్ధారిస్తారు?

చూడగానే అనుభవం ఉన్న డాక్టర్‌కు అనుమానం వస్తుంది. కానీ కంటితో చూసి ఖాయం చేయడం కుదరదు. బార్టొనెల్లా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే మచ్చలు కూడా అచ్చం ఇలాగే ఉంటాయి. అవి మామూలు యాంటీబయాటిక్స్‌తో తగ్గిపోతాయి. అంటే పొరపాటు ఎటు జరిగినా రోగికే నష్టం.

అందుకే ముక్క పరీక్ష, అంటే బయాప్సీ తప్పనిసరి. చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపుతారు. కణాల్లో లానా ప్రోటీన్ ఉందో లేదో ప్రత్యేక రంగులతో చూస్తారు. అది ఉంటే కేఎస్‌హెచ్‌వీ ఉన్నట్టే.

దాంతో పాటు హెచ్‌ఐవీ టెస్ట్, సీడీ4 కౌంట్, వైరల్ లోడ్ చూస్తారు. లోపల ఉందన్న అనుమానం ఉంటే ఛాతీ స్కాన్, ఎండోస్కోపీ, బ్రాంకోస్కోపీ చేస్తారు. తర్వాత మూడు విషయాలను బట్టి తీవ్రత అంచనా వేస్తారు: క్యాన్సర్ ఎంత పాకింది? రోగనిరోధక శక్తి ఎంత ఉంది? ఒంట్లో ఇతర జబ్బులు ఉన్నాయా?

ట్రీట్‌మెంట్: మొదటి మందు హెచ్‌ఐవీ మాత్రే

ఏఆర్‌టీ: హెచ్‌ఐవీని అణిచే మందులు మొదలుపెడితే రోగనిరోధక వ్యవస్థ మళ్లీ లేస్తుంది. కాపలా తిరిగొస్తుంది. మచ్చలు కొద్దిగా ఉండి, లోపలి అవయవాలకు పాకనివాళ్లలో చాలాసార్లు ఈ మాత్రలతోనే మచ్చలు తగ్గుముఖం పడతాయి. దానికి వారాలు కాదు, నెలలు పట్టొచ్చు. 1996 నుంచి మూడు మందుల కాంబినేషన్ వాడకంలోకి వచ్చాక అమెరికా, యూరప్‌లలో ఈ క్యాన్సర్ కేసులు భారీగా పడిపోయాయి.

ముందే మొదలుపెడితే ఇంకా మంచిదని 'స్టార్ట్' అనే అంతర్జాతీయ ట్రయల్ 2015లో తేల్చింది. సీడీ4 కౌంట్ 500 పైన ఉన్న 4,685 మందిని రెండు గ్రూపులు చేశారు. వెంటనే మందులు మొదలుపెట్టిన గ్రూపులో ఒక్కరికే కపోసీ సార్కోమా వచ్చింది. కౌంట్ పడిపోయేదాకా ఆగిన గ్రూపులో 11 మందికి వచ్చింది.

మచ్చ వరకే చేసే ట్రీట్‌మెంట్: ఒకటి రెండు మచ్చలే ఇబ్బంది పెడుతుంటే రేడియేషన్, జనం మాటల్లో కరెంట్ పెట్టడం, పనికొస్తుంది. చల్లటి వాయువుతో గడ్డకట్టించడం, మచ్చలోకే విన్‌బ్లాస్టిన్ ఇంజెక్షన్ ఇవ్వడం వంటివి కూడా ఉన్నాయి. ఇవి ఆ మచ్చను తగ్గిస్తాయి కానీ కొత్తవి రాకుండా ఆపలేవు.

కీమోథెరపీ: మచ్చలు వేగంగా పెరుగుతున్నా, కాళ్లు బాగా ఉబ్బినా, ఊపిరితిత్తులకో పేగులకో పాకినా ఏఆర్‌టీతో పాటు కీమో కావాలి. ఎక్కువగా వాడేవి రెండు. ఒకటి లైపోసోమల్ డాక్సోరూబిసిన్. మందును సన్నటి కొవ్వు బుడగల్లో పెట్టి ఇస్తారు కాబట్టి గుండె మీద దుష్ప్రభావం మామూలు డాక్సోరూబిసిన్ కంటే తక్కువ. రెండోది పాక్లిటాక్సెల్. రొమ్ము క్యాన్సర్‌కూ వాడే మందే ఇది.

ఖరీదైన మందులు దొరకని చోట ఏది మేలు? ఈ ప్రశ్నకు జవాబు కోసం బ్రెజిల్‌తో పాటు కెన్యా, మలావీ, దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో ట్రయల్ చేశారు. 2020లో లాన్సెట్‌లో ఫలితాలు వచ్చాయి. అందరికీ ఏఆర్‌టీ ఇస్తూనే వేర్వేరు కీమో మందులు పోల్చారు. పాక్లిటాక్సెల్ తీసుకున్నవాళ్లలో 64 శాతం మంది 48 వారాలకు వ్యాధి ముదరకుండా ఉన్నారు. పాత పద్ధతిలో బ్లియోమైసిన్, విన్‌క్రిస్టిన్ తీసుకున్నవాళ్లలో ఇది 44 శాతమే.

కొత్త మందు: ఏఆర్‌టీతో లొంగనివాళ్లకూ, హెచ్‌ఐవీ లేకుండా ఈ క్యాన్సర్ వచ్చినవాళ్లకూ పోమాలిడోమైడ్ అనే మాత్రను అమెరికా ఎఫ్‌డీఏ 2020 మేలో అనుమతించింది. ఇది థాలిడోమైడ్ జాతి మందు. గర్భిణులు అసలు వాడకూడదు. కడుపులో బిడ్డకు తీవ్రమైన హాని చేస్తుంది.

హెర్పిస్ మందులు పనిచేయవా?

వైరస్ వల్ల వచ్చింది కాబట్టి వైరస్ మందు వేస్తే పోతుంది కదా అని అనిపిస్తుంది. కానీ మచ్చలోని కణాల్లో ఎక్కువ శాతం వైరస్ నిద్ర దశలోనే ఉంటుంది. హెర్పిస్ మందులు పనిచేసేది వైరస్ మేలుకుని తన కాపీలు తీసుకుంటున్నప్పుడే. అందుకే గాన్‌సైక్లోవిర్ లాంటి మందు ముందుగా వాడినవాళ్లలో ఈ క్యాన్సర్ తక్కువగా వచ్చినట్టు 1999లో వచ్చిన ఒక స్టడీ చెప్పినా, వచ్చేశాక దాన్ని తగ్గించడానికి అది పనికిరావడం లేదు.

మాత్రలు మొదలుపెట్టాక మచ్చలు పెరిగితే?

ఇది చాలా ముఖ్యం. ఏఆర్‌టీ మొదలుపెట్టిన తొలి వారాల్లో, నెలల్లో కొందరికి మచ్చలు ఉన్నట్టుండి పెరుగుతాయి, వాస్తాయి. మందు పడలేదని భయపడి ఆపేసే ప్రమాదం ఉంది. నిజానికి అది మళ్లీ బలం పుంజుకుంటున్న రోగనిరోధక వ్యవస్థ ఒక్కసారిగా స్పందించడం వల్ల జరుగుతుంది. డాక్టర్లు దీన్ని 'ఐరిస్' అంటారు.

అలాంటప్పుడు సొంతంగా ఏఆర్‌టీ ఆపకూడదు. వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. అవసరమైతే కీమో కలుపుతారు. ఊపిరితిత్తుల్లో ఉంటే ప్రాణం మీదకు రావచ్చు కాబట్టి ఆలస్యం చేయొద్దు.

ఇంకో హెచ్చరిక స్టెరాయిడ్ల గురించి. వేరే జబ్బుల్లో వాపు తగ్గించడానికి స్టెరాయిడ్ ఇస్తారు. కపోసీ సార్కోమాలో మాత్రం స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు వ్యాధిని రెచ్చగొట్టే ప్రమాదం ఉంది. మన దగ్గర మచ్చ కనిపిస్తే చాలు, మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ తెచ్చి రాసేస్తుంటారు. క్రీమ్ రాస్తూ కూర్చుంటే జబ్బు తగ్గదు, ముక్క పరీక్షకు వెళ్లాల్సిన టైమ్ పోతుంది.

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లలో..

వీళ్లకు హెచ్‌ఐవీ ఉండదు. కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా వాడే మందులే రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. మందులు తగ్గిస్తే క్యాన్సర్ తగ్గుతుంది కానీ కిడ్నీ పోయే ప్రమాదం ఉంది. 2005లో ఇటలీ డాక్టర్లు దీనికి దారి చూపించారు. 15 మంది రోగులకు సైక్లోస్పోరిన్ ఆపి సిరోలిమస్ మొదలుపెట్టారు. మూడు నెలల్లో అందరిలోనూ చర్మం మీది మచ్చలు పోయాయి, కిడ్నీలూ నిలబడ్డాయి. రోగనిరోధక శక్తికీ ఈ క్యాన్సర్‌కూ ఉన్న లింక్ ఎంత గట్టిదో దీంతో మరోసారి రుజువైంది.

భారం ఎక్కువ ఎక్కడ?

ప్రపంచవ్యాప్తంగా ఏటా 30 వేలకు పైగా కొత్త కేసులు, సుమారు 15 వేల మరణాలు నమోదవుతున్నాయి. వీటిలో అత్యధికం ఆఫ్రికాలోనే. అక్కడ కేఎస్‌హెచ్‌వీ ఎక్కువ, హెచ్‌ఐవీ ఎక్కువ. రెండూ ఒకే మనిషిలో కలిసే అవకాశమూ ఎక్కువే. దానికి తోడు చాలామంది క్యాన్సర్ ముదిరాకే ఆసుపత్రికి వస్తున్నారు. ఏఆర్‌టీ అందుబాటు పెరిగాక పరిస్థితి మెరుగుపడింది కానీ మాయమైపోలేదు.

మన దగ్గర పరిస్థితి ఏంటి?

భారత్‌లో సుమారు 25 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. ఈశాన్య రాష్ట్రాల తర్వాత హెచ్‌ఐవీ శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయి. అయినా కపోసీ సార్కోమా ఇక్కడ చాలా అరుదు. మన జనంలో కేఎస్‌హెచ్‌వీ తక్కువగా ఉండడమే దీనికి ప్రధాన కారణంగా చెబుతారు. హెచ్‌ఐవీ ఒక్కటే ఈ క్యాన్సర్ తేలేదనడానికి మన దేశమే మంచి ఉదాహరణ.

కానీ అరుదు అంటే అసలు లేదని కాదు. చర్మవ్యాధుల డాక్టర్లు కూడా ఎప్పుడో ఒకసారి చూసే జబ్బు కాబట్టి వెంటనే తట్టకపోవచ్చు. అందుకే మచ్చల గురించి చెప్పేటప్పుడు తమకు హెచ్‌ఐవీ ఉందన్న విషయం కూడా డాక్టర్‌కు చెప్పడం ముఖ్యం. ఆ ఒక్క మాటతో ముక్క పరీక్ష త్వరగా జరుగుతుంది.

హెచ్‌ఐవీ ఉన్న మహిళలు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. మన దగ్గర వాళ్లకు ఇంతకంటే పెద్ద ముప్పు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. దానికి కారణం కూడా వేరే వైరస్సే, హెచ్‌పీవీ. హెచ్‌ఐవీ ఉన్న మహిళల్లో ఈ ముప్పు మిగతావాళ్ల కంటే ఆరు రెట్లు ఎక్కువని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతోంది. వాళ్లకు 25 ఏళ్ల వయసు నుంచే స్క్రీనింగ్ మొదలుపెట్టాలని సూచిస్తోంది.

మందులు, టెస్టులు ఎక్కడ?

ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ టెస్ట్ ఉచితం. వివరాలు గోప్యంగా ఉంచుతారు. ఏఆర్‌టీ సెంటర్లలో మందులు కూడా ఉచితమే. 2004 ఏప్రిల్ 1న దేశంలో ఈ ఉచిత మందుల పంపిణీ మొదలైంది. 2017 నుంచి సీడీ4 కౌంట్ ఎంత ఉన్నా, పాజిటివ్ అని తేలగానే మందులు ఇస్తున్నారు. జాతీయ హెల్ప్‌లైన్ నంబర్ 1097. టోల్ ఫ్రీ.

2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో ట్రీట్‌మెంట్ నిరాకరించడం, ఉద్యోగం తీసేయడం, అద్దె ఇంటి నుంచి వెళ్లగొట్టడం ఈ చట్టం ప్రకారం కుదరదు. చట్టంలో చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప, వ్యక్తి అనుమతి లేకుండా ఆ విషయం ఇంకొకరికి చెప్పకూడదు.

తరచూ అడిగే ప్రశ్నలు

హెచ్‌ఐవీ ఉంటే ఈ క్యాన్సర్ తప్పకుండా వస్తుందా?
రాదు. ఒంట్లో కేఎస్‌హెచ్‌వీ కూడా ఉండాలి, రోగనిరోధక శక్తి దెబ్బతినాలి. రోజూ మందులు వాడుతూ వైరల్ లోడ్ అదుపులో ఉన్నవాళ్లకు ముప్పు చాలా తక్కువ. పూర్తిగా సున్నా మాత్రం కాదు.

ఈ మచ్చలు ఉంటే హెచ్‌ఐవీ ఉన్నట్టేనా?
కాదు. హెచ్‌ఐవీ లేకుండా కూడా రావచ్చు. కానీ కపోసీ సార్కోమా అని తేలిన ప్రతి ఒక్కరికీ హెచ్‌ఐవీ టెస్ట్ చేయాల్సిందే.

కేఎస్‌హెచ్‌వీకి వ్యాక్సిన్ ఉందా?
ఇప్పటికి లేదు. అందరూ ముందే టెస్ట్ చేయించుకోవాల్సిన అవసరం కూడా లేదు. పాజిటివ్ వచ్చినా ఎక్కువ మందికి క్యాన్సర్ రాదు కాబట్టి.

ఈ వైరస్ వేరే జబ్బులు కూడా తెస్తుందా?
తెస్తుంది కానీ అరుదు. ఛాతీలో, పొట్టలో నీరు చేరే ఒక రకం లింఫోమా, లింఫ్ గ్రంథులు వాచి పదే పదే జ్వరం వచ్చే క్యాసిల్‌మన్ డిసీజ్‌లో ఒక రకం దీనివల్లే వస్తాయి.

పూర్తిగా తగ్గుతుందా?
మచ్చలు పూర్తిగా పోయి ఏళ్ల తరబడి ఆరోగ్యంగా ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ కేఎస్‌హెచ్‌వీ ఒంట్లోనే ఉంటుంది. ఏఆర్‌టీ ఆపేస్తే సీడీ4 మళ్లీ పడిపోతుంది, క్యాన్సర్ తిరిగి రావచ్చు. ఒళ్లు బాగుందని మాత్ర మానేయడమే వీళ్లు చేయగలిగే పెద్ద పొరపాటు.

డాక్టర్ దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి?
హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు కొత్త రంగు మచ్చ వచ్చి రెండు మూడు వారాలైనా పోకపోతే, నోట్లో ఊదా మచ్చ కనిపిస్తే, ఒక కాలు కారణం లేకుండా వాస్తే ఏఆర్‌టీ సెంటర్‌లో చూపించుకోవాలి. ఆయాసం, కళ్లెలో రక్తం, మలంలో రక్తం ఉంటే ఆ రోజే వెళ్లాలి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు మొదలుపెట్టాలన్నా, మార్చాలన్నా, ఆపాలన్నా డాక్టర్ సలహా తప్పనిసరి.